ఎవరి మనోభావాలు? గ్లాస్గో ఫుట్‌బాల్ గ్యాలరీలు, ఒక చట్టం చరిత్ర

2018 మార్చిలో అయిదు రోజుల తేడాతో రెండు సంగతులు జరిగాయి. మార్చి 15న స్కాట్లండ్ పార్లమెంటు ఫుట్‌బాల్ మ్యాచుల దగ్గర 'అభ్యంతరకర ప్రవర్తన'ను శిక్షించడానికి తానే చేసిన చట్టాన్ని 62–60 ఓట్లతో రద్దు చేసింది. మార్చి 20న మన సుప్రీంకోర్టు సుభాష్ కాశీనాథ్ మహాజన్ కేసులో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కోరలు పీకింది. కేసు కట్టే ముందు ప్రాథమిక విచారణ జరపొచ్చంది, అరెస్టుకు పైవాళ్ల అనుమతి కావాలంది, ముందస్తు బెయిలుకు తలుపు తెరిచింది. మొదటి సంగతి మనలో ఎవరికీ పట్టలేదు. రెండోది ఏప్రిల్ 2 భారత్ బంద్ దాకా పోయింది. ఆ రోజు మధ్యప్రదేశ్‌లోనూ, మరికొన్ని చోట్లా ప్రాణాలు పోయాయి.

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేవాళ్లు ఆ తర్వాత మాకు చాలామంది తగిలారు. 'చూశారా, తెల్లోళ్లు కూడా అవమానాల చట్టాన్ని చించి పారేశారు. మాటకు జైలేంటి? మీ చట్టం కూడా అంతే, దుర్వినియోగం తప్ప ఏముంది?' అని వాళ్ల వాదన. దీనికి ఎదురుగా మనవైపు కుర్రాళ్లది ఇంకో వాదన: 'ఎవరు ఎవర్ని అభ్యంతరకరంగా మాట్లాడినా లోపలెయ్యాల్సిందే, అప్పుడే మన నాయకుల బొమ్మలకీ విగ్రహాలకీ రక్షణ.' చూడటానికి ఈ రెండూ ఎడమొహం పెడమొహం. కానీ రెండింటిలోనూ ఒకటే లోపం ఉంది. మాట అన్నవాడు ఎవరు, పడ్డవాడు ఎవరు, ఇద్దరిలో ఎవరు ఎవరి నెత్తిమీద కూచున్నారు అనే ప్రశ్న రెండింటిలోనూ లేదు. ఈ ప్రశ్న లేకుండా అవమానం మీద చట్టం చేస్తే ఏమవుతుందో చూడాలంటే స్కాట్లండ్ కథ మొదట్నించీ చదవాల్సిందే.

ఆ కథ 2012లో మొదలు కాలేదు, ఒక కరువుతో మొదలైంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళదుంప పంటకి తెగులు పట్టింది. కొద్ది ఏళ్లలోనే దాదాపు పది లక్షల మంది చచ్చిపోయారు. అంతకు తగ్గకుండా దేశం వదిలి పోయారు. ఐర్లండ్ అప్పుడు బ్రిటిషు పాలనలో ఉంది. జనం ఆకలితో చస్తుంటే తిండిగింజలు ఓడలెక్కి ఇంగ్లండుకి పోతూనే ఉన్నాయి. మన ధాత కరువు (1876–78) సంగతి చదివినవాళ్లకి ఈ లెక్క విడమరచి చెప్పనక్కర్లేదు.

అట్లా వలస పోయినవాళ్లలో చాలామంది గ్లాస్గో చేరారు. రేవుల్లో, బొగ్గు గనుల్లో, రైలుకట్టల మీద, మిల్లుల్లో మోటు పనులకి కుదిరారు. నగరానికి తూర్పున కాల్టన్ లాంటి పేటల్లో ఇరుకు గదుల్లో సంసారాలు. రోగాలు తెస్తున్నారనీ, తాగుతారనీ, కూలిరేట్లు పడగొడుతున్నారనీ నిందలు. పైగా వీళ్లు కాథలిక్కులు, ఆ ఊరేమో ప్రొటెస్టెంట్ ఊరు. ఆ పేటలో వాల్‌ఫ్రిడ్ అనే క్రైస్తవ బ్రదర్ (అసలు పేరు ఆండ్రూ కెరిన్స్, ఐర్లండ్‌లోని స్లైగో ప్రాంతం మనిషి) పేదపిల్లలకి పూట భోజనం పెట్టే పని చేసేవాడు. ఆ భోజనం ఖర్చుకోసం పుట్టిందే సెల్టిక్ ఫుట్‌బాల్ క్లబ్బు. 1887 నవంబరులో కాల్టన్‌లోని సెయింట్ మేరీస్ చర్చి హాల్లో మీటింగు పెట్టి క్లబ్బు కట్టారు. 1888 మే 28న మొదటి మ్యాచ్ ఆడారు, అదీ రేంజర్స్ మీద. 5–2తో గెలిచారు. పిల్లల అన్నం గిన్నెలోంచి పుట్టిన క్లబ్బు తర్వాత కోట్ల పౌండ్ల కంపెనీ అయింది, అది వేరే సంగతి.

ఇక రేంజర్స్. 1872లో పుట్టిన ఈ క్లబ్బు రానురాను ప్రొటెస్టెంట్, బ్రిటిషు రాజభక్తికి గుర్తుగా మారింది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత దశాబ్దాల పాటు తెలిసి తెలిసి కాథలిక్కు ఆటగాణ్ణి పేరున్న స్థాయిలో తీసుకోలేదు. రాసిపెట్టిన నియమం ఏదీ లేదు. మనూళ్లో హోటల్లో రెండు గ్లాసులుండాలని ఎక్కడన్నా రాసుందా? 1989 జులైలో మో జాన్‌స్టన్ అనే కాథలిక్కు ఆటగాణ్ణి కొన్నప్పుడు కొందరు రేంజర్స్ అభిమానులు తమ క్లబ్బు మఫ్లర్లే తగలబెట్టారు. ఆ ఏడే మన పార్లమెంటు అత్యాచారాల నిరోధక చట్టం చేసింది.

మతం పేరుతో నడిచిన ఈ వివక్షకి చర్చి ముద్ర కూడా పడింది. 1923లో చర్చ్ ఆఫ్ స్కాట్లండ్ మహాసభ ముందుకు ఒక నివేదిక వచ్చింది. ఐరిష్ జాతి మన స్కాటిష్ జాతీయతకి ముప్పు అన్నది దాని పేరులోనే ఉంది. ఐర్లండ్ నుంచి వచ్చిన ప్రొటెస్టెంట్లతో ఇబ్బంది లేదట, వాళ్లు తమ జాతేనట. కాథలిక్కులే ముప్పట. దీనికి ఆ చర్చి 2002లో విచారం వెలిబుచ్చింది, అంటే దాదాపు ఎనభై ఏళ్లకి. గ్లాస్గోలో కొత్త మనిషి కనబడితే 'నువ్వు ఏ బళ్లో చదివావు?' అని అడిగేవాళ్లు. 1918 విద్యా చట్టంతో కాథలిక్కు బడులు వేరుగా ప్రభుత్వ ఖర్చు మీద నడుస్తున్నాయి కాబట్టి, బడి పేరు చెబితే మతం తెలిసిపోతుంది. 'మీ ఇంటిపేరేంటి? మీదే పేట?' అని మనల్ని అడిగే ప్రశ్నకి ఇది అక్కచెల్లెలు.

అక్కచెల్లెలే, కవల మాత్రం కాదు. ఇక్కడ మేము తొందరపడదలుచుకోలేదు. ఐరిష్ కాథలిక్కుది కులం కాదు. పేరు మార్చి, బడి మార్చి, రెండు తరాల్లో కలిసిపోయే దారి అతనికి ఎంత ఇరుగ్గా అయినా ఉంది. అతను ముట్టుకుంటే నీళ్లు మైలపడలేదు. పైగా ఆ పీడిత జాతి సామ్రాజ్యం నౌకరీలో కూడా ఉంది. జలియన్‌వాలా బాగ్ ఊచకోతను సమర్థించిన పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు మైకేల్ ఓడ్వయర్ ఐరిష్ కాథలిక్కే. పీడన అనుభవించినవాడు పీడన తెలిసినవాడై ఉండాలని రూలేమీ లేదు.

ఈ మాట గ్యాలరీలకీ వర్తిస్తుంది. 1988 జనవరి 2న రేంజర్స్ తరఫున మార్క్ వాల్టర్స్ అనే నల్లజాతి ఆటగాడు సెల్టిక్ మైదానంలో మొదటిసారి దిగాడు. సెల్టిక్ గ్యాలరీల్లోంచి అతని మీదకి అరటిపళ్లు విసిరారు, కోతికూతలు కూశారు. విసిరింది ఎవరు? ఒకప్పుడు కార్టూన్లలో తమ తాతల్ని కోతులుగా గీస్తే భరించినవాళ్ల మనవళ్లు. సెల్టిక్ అభిమానుల గొప్పలు చెప్పే పుస్తకాలు ఈ పేజీ గబగబా తిప్పేస్తాయి. మేము తిప్పం. అవమానాన్ని శిక్షించే చట్టం అక్కర్లేదనే వాళ్లకి ఆ అరటిపళ్లే జవాబు. మైదానంలో ఉన్నది ఒక్క మనిషి, చుట్టూ వేలమంది. అది భావప్రకటన అంటే మేము ఒప్పుకోం.

అయితే అదే గ్యాలరీలో ఇంకొకటి కూడా ఉంది, జెండా. సెల్టిక్ మైదానం మీద మొదట్నించీ ఐర్లండ్ జెండా ఎగురుతుండేది. 1952 కొత్త సంవత్సరం రోజు సెల్టిక్, రేంజర్స్ మ్యాచ్‌లో గొడవలయ్యాయి. ఫుట్‌బాల్ అధికారులు కూచుని ఆలోచించి, ఆ జెండా జనాన్ని రెచ్చగొడుతోంది, దించమన్నారు. సీసాలు విసిరినవాళ్ల సంగతి పక్కనబెట్టి జెండా మీద పడ్డారన్నమాట. క్లబ్బు అధ్యక్షుడు రాబర్ట్ కెల్లీ దించనన్నాడు. క్లబ్బును పోటీల్లోంచి తీసేస్తారేమో అనే దాకా వచ్చింది. అప్పుడు సెల్టిక్ పక్షాన నిలిచి ఓటేసినవాళ్లలో రేంజర్స్ క్లబ్బు ఉంది! ఆదర్శం కాదులెండి. సెల్టిక్ లేకపోతే రేంజర్స్ టిక్కెట్ల డబ్బు సగం పోతుంది. ఏమైతేనేం, జెండా దిగలేదు.

'రెచ్చగొట్టడం' అన్న మాట అప్పట్నించీ అక్కడే ఉంది. దానికి చట్టం రూపం రావడానికి ఇంకో అరవై ఏళ్లు పట్టింది.

2011 మార్చి 2న సెల్టిక్, రేంజర్స్ కప్పు మ్యాచ్ జరిగింది. రేంజర్స్ ఆటగాళ్లు ముగ్గుర్ని బయటికి పంపారు. ఆట అయ్యాక రెండు జట్ల శిక్షకులు నీల్ లెనన్, ఆలీ మెకోయిస్ట్ అందరూ చూస్తుండగా తలపడ్డారు. లెనన్ ఉత్తర ఐర్లండ్ కాథలిక్కు. ఆ వసంతంలో అతనికీ, అతని లాయరుకీ, ఒక పార్లమెంటు సభ్యురాలికీ బాంబు పార్సిళ్లు పంపారు. మే నెలలో ఎడిన్‌బరోలో మ్యాచ్ నడుస్తుండగానే ఒకడు మైదానంలోకి దూకి లెనన్ మీద పడ్డాడు. ఇవన్నీ టీవీలో దేశమంతా చూసింది. కానీ ఒకటి గమనించాలి. బాంబు పంపడానికి శిక్ష వెయ్యాలంటే కొత్త చట్టం అక్కర్లేదు. పార్సిళ్లు పంపిన ఇద్దరికి 2012లో అయిదేసి ఏళ్ల జైలు పడింది పాత చట్టాల కిందే. మైదానంలోకి దూకినవాడి మీద దాడి నేరం, మతద్వేషంతో చేశాడన్న ఆరోపణ జ్యూరీ ముందు నిలవలేదు. శాంతిభంగం ఒక్కటే నిలిచింది. లోపం ఉంటే ఇదిగో, ఇక్కడుంది. అందరూ చూసిన దాడిలో ద్వేషం కనబడలేదన్న జ్యూరీలో ఉంది. సర్కారు మాత్రం కొత్త చట్టం తెచ్చి పాటల మీద పడింది.

అలెక్స్ శాల్మండ్ నాయకత్వంలోని స్కాటిష్ నేషనల్ పార్టీకి ఆ మే ఎన్నికల్లో సొంత మెజారిటీ వచ్చింది. జూన్‌లో బిల్లు పెట్టారు. కొద్ది వారాల్లో పాస్ చేసేద్దామనుకుని, గోల లేచాక కొంత ఆగి, డిసెంబరు 14న 64–57తో గట్టెక్కించారు. మిగతా పార్టీలన్నీ వ్యతిరేకించాయి. 2012 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అందులో ఏముంది? మతం, రంగు, జాతి, లైంగికత, వైకల్యం మీద ద్వేషం వెళ్లగక్కితే నేరం. బెదిరిస్తే నేరం. ఇంతవరకూ సరే. ఆఖర్న ఒక తోక తగిలించారు: వివేకం గల మనిషి ఎవరైనా అభ్యంతరకరం అనుకోగల మరే ప్రవర్తన అయినా, అది శాంతిభద్రతలకు భంగం రేపేదైతే, నేరమే. మైదానంలోనే కాదు, మ్యాచ్‌కి పోయే దారిలో, వచ్చే దారిలో, మ్యాచ్ టీవీలో చూపించే సారాయి దుకాణంలో కూడా. గరిష్ఠ శిక్ష అయిదేళ్లు. ఇంకో చిత్రం: రెచ్చిపోయేవాళ్లు అక్కడ అసలు లేకపోయినా సరే, ఉంటే రెచ్చిపోయేవాళ్లు కదా అని నేరం కట్టొచ్చు. బిల్లు మీద విచారణలో మంత్రి రోజానా కన్నింగ్‌హమ్‌ని సభ్యులు అడిగారు: గుండెల మీద సిలువ గుర్తు వేసుకున్నా నేరమవుతుందా? జాతీయగీతం పాడితే? సందర్భాన్ని బట్టి కావచ్చు అని ఆమె జవాబు. సందర్భాన్ని ఎవరు తేలుస్తారు? పోలీసాయన.

ఈ చట్టం మొదట ఎవరి మీద పడింది? సెల్టిక్ గ్యాలరీలో 2006 నుంచి గ్రీన్ బ్రిగేడ్ అని కుర్రాళ్ల గుంపు ఉంది. నిలబడి పాడతారు, డప్పులు కొడతారు, పెద్ద పెద్ద గుడ్డల మీద రాజకీయం రాస్తారు. 2010 నవంబరులో, సైనికుల స్మృతి చిహ్నంగా సెల్టిక్ చొక్కాల మీద ఎర్ర పాపీ పువ్వు కుట్టిన రోజున, ఐర్లండ్, ఇరాక్, అఫ్ఘానిస్తాన్‌లలో పారిన నెత్తురు గుర్తుచేస్తూ ఆ పువ్వు మా చొక్కాల మీద వద్దని బ్యానరు కట్టారు. దేశమంతా తిట్టిపోసింది. కొత్త చట్టం వచ్చాక వీళ్లను కెమెరాలతో వెంటాడటం, తెల్లారుజామున ఇళ్ల మీదకి పోవడం పోలీసుల నిత్యకృత్యం అయిందని అభిమానుల హక్కుల సంఘం ఏళ్లపాటు మొత్తుకుంది. 2013 మార్చి 16న ఈ వేధింపులకి నిరసనగా గ్యాలోగేట్ వీధిలో నడవబోతే పోలీసులు చుట్టుముట్టి బిగించారు, అరెస్టులు చేశారు.

2012 ఆగస్టులో డింగ్‌వాల్ అనే చిన్న ఊళ్లో మ్యాచ్ జరిగింది. సెల్టిక్ అభిమాని ఒకడు ఐరిష్ రిపబ్లికన్ పాటలు పాడుతున్నాడని కేసు. కింది కోర్టు వదిలేసింది. సర్కారు అప్పీలుకి పోయింది. 2013లో హైకోర్టు ఆ విడుదల చెల్లదంది. అక్కడున్నవాళ్లు నిజంగా రెచ్చిపోవాల్సిన పనిలేదు, రెచ్చిపోగలవాళ్లు అక్కడ లేకపోయినా నేరం నేరమే అని చట్టంలో ఉన్న మాటే మళ్లీ చెప్పింది. అదే ఏడు డండీలో ఇంకో షెరీఫ్ (అక్కడ కింది కోర్టు జడ్జిని అలా పిలుస్తారు) విసిగిపోయి, ఈ చట్టం రాసిన తీరు చూస్తే తనకి 'మిన్స్' గుర్తొస్తోందన్నాడు. మిన్స్ అంటే ఖీమా. ఆ దేశం వాడుకలో చెత్త సరుకని అర్థం.

ఆ పాటల గురించి కూడా నిజం చెప్పుకోవాలి. 1981లో ఉత్తర ఐర్లండ్ జైల్లో రాజకీయ ఖైదీల హోదాకోసం నిరాహార దీక్ష చేసి పదిమంది చనిపోయారు. మొదట పోయిన బాబీ శాండ్స్ దీక్షలో ఉండగానే పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. ఆ పదిమంది పేర్లు తలుచుకునే పాట మీద చాలా కేసులు నడిచాయి. వాళ్లు ఆయుధాలు పట్టిన సంస్థల మనుషులు. ఆ సంస్థల బాంబులకి తండ్రినో బిడ్డనో పోగొట్టుకున్నవాళ్లు అదే గ్లాస్గోలో ఉన్నారు, ఆ పాట వాళ్లకి ముల్లే. కానీ ముల్లు గుచ్చుకోవడం వేరు, ఒక మనిషిని నువ్వు మనిషివి కావనడం వేరు. 2013 నవంబరులో మిలాన్ జట్టుతో మ్యాచ్‌లో గ్రీన్ బ్రిగేడ్ వాళ్లు రెండు బొమ్మలు పక్కపక్కన ఎత్తారు. ఒకటి బాబీ శాండ్స్‌ది, రెండోది విలియం వాలెస్‌ది. వాలెస్ ఇంగ్లండ్ రాజుతో కత్తి పట్టి పోరాడినవాడు, స్కాట్లండ్ అతనికి విగ్రహాలు కట్టుకుంది. ఏ కత్తి వీరత్వం, ఏ కత్తి నేరం, తేల్చేదెవరని ఆ రెండు బొమ్మలూ అడిగాయి. జవాబుగా యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య యూఈఎఫ్‌ఏ క్లబ్బుకి 42 వేల పౌండ్ల జరిమానా వేసింది.

ఇప్పుడు దీని పక్కన ఇంకో పాట పెట్టి చూడండి. రేంజర్స్ అభిమానులు కొందరు 2008 ప్రాంతంలో కరువు పాటొకటి మొదలెట్టారు. కరువు అయిపోయిందిగా, ఇంకా ఇంటికి పోరేం అని దాని సారం. పాడేది ఎవరికి? స్కాట్లండ్‌లో పుట్టి, అక్కడే నాలుగైదు తరాలుగా బతికినవాళ్లకి. 2009లో హైకోర్టు ఆ పాట జాతివివక్షేనని తేల్చింది. ఈ దేశంలో పుట్టినవాళ్లను వాళ్ల పుట్టుమూలం చూపించి వెళ్లిపొమ్మనడం అభిప్రాయం కాదు, జాతి వేధింపు అని దాని తర్కం. గమనించండి, 2009లో. 2012 చట్టం అప్పటికి లేదు. శాంతిభంగం నేరానికి జాతిద్వేషం జోడించే పాత చట్టం ఉంది. మతద్వేషాన్ని లెక్కలోకి తీసుకునే 2003 చట్టంలోని 74వ సెక్షన్ కూడా ఉంది. కోర్టు అక్కడ పాట మోతను చూడలేదు. ఆ మాట ఎవరి నోట్లోంచి ఎవరి మీద పడుతోందో చూసింది.

2012 చట్టం ఈ చూపు పోగొట్టింది. కాథలిక్కుల నెత్తురు గురించి పాడే పాటా, జైల్లో చచ్చినవాళ్ల పేర్లు తలిచే పాటా, యుద్ధం వద్దన్న బ్యానరూ దానికి ఒకటే: అభ్యంతరకరం. రెండు వైపులా సమానంగా కొడుతున్నాం కదా అని సర్కారు తృప్తిపడింది. గొడవంటే రెండు పిచ్చి గుంపుల గొడవే అనుకునేవాళ్లకి ఆ సమానత్వం న్యాయంగానే కనబడుతుంది. కారంచేడులో కూడా 'రెండు వర్గాల ఘర్షణ' అనే గదా కొన్ని పత్రికలు రాసింది.

ఆ 'వివేకం గల మనిషి' దగ్గర కాస్త ఆగుదాం. వినడానికి ఎంత తటస్థంగా ఉందో ఆ మాట! 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని వేటాడి నరికారు. దానికి నెల ముందు మొదలైన తగాదా ఏంటి? సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు అగ్రకుల కుర్రాడికి తగిలిందని. టిక్కెట్టు ఇద్దరూ కొన్నదే. ఆ హాల్లో ఒక వివేకవంతుణ్ణి పిలిచి, ఇది అభ్యంతరకర ప్రవర్తనేనా అని అడిగితే? ఊళ్లో వివేకవంతుడెవరో తేల్చేది భూమి, పంచాయితీ, పోలీస్ స్టేషన్లో కుర్చీ వేయించుకోగల పరపతి. ఆయన తల ఊపేవాడు: అవును, అభ్యంతరకరమే, శాంతిభద్రతలకు భంగమే. నిజంగానే భంగమైంది కూడా! భంగం చేసింది మాత్రం కాలు తగిలిన కుర్రాడు కాదు. రెచ్చిపోయేవాడి కోపాన్ని బట్టి నేరాన్ని కొలిస్తే, కత్తి ఎవరి దగ్గర ఎక్కువ ఉందో వాళ్ల మనోభావాలకే విలువ ఎక్కువ.

స్కాట్లండ్ చట్టం వచ్చిన ఏడే, 2012 ఏప్రిల్‌లో, ఉస్మానియాలో దళిత బహుజన విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకున్నారు. తమ ఇళ్లల్లో తినేదే పదిమందిలో తిన్నారు. మనోభావాలు దెబ్బతిన్నాయని దాడికొచ్చినవాళ్లున్నారు, ఘర్షణలయ్యాయి. 2015 డిసెంబరులో మళ్లీ చెయ్యబోతే కోర్టు ఉత్తర్వులు, పోలీసు కాపలా అడ్డం నిలిచాయి. శాంతిభద్రతల పేరే.

అందుకే మన చట్టాన్ని ఆ చట్టంతో కలిపి కొట్టేవాళ్లు రెండూ చదవలేదనుకుంటాం. 1989 చట్టం 3(1)(x) ఏమంటోంది (2015 సవరణ తర్వాత అది 3(1)(r) అయింది)? ఎస్సీ, ఎస్టీ కానివాడు, ఎస్సీ లేక ఎస్టీ మనిషిని, కించపరచాలన్న ఉద్దేశంతో, జనం చూసేచోట అవమానిస్తే నేరం. 'అభ్యంతరకరం' అనే మాటే లేదు. వివేకం గల మూడో మనిషి లేడు. ఎవడు, ఎవర్ని, ఎందుకు, ఎక్కడ అన్న నాలుగూ రాసి ఉన్నాయి. దొంతరలో ఎవరెక్కడున్నారో చట్టమే పేరు పెట్టి చెప్పింది. గరిష్ఠ శిక్ష ఇక్కడా అయిదేళ్లే. పోలిక అంతటితో సరి.

ఇక తేడా చూడండి, మాకు నిద్ర పట్టనివ్వనిది ఇదే. స్కాట్లండ్‌లో రెచ్చిపోయేవాడు అక్కడ లేకపోయినా నేరమే. మన దగ్గర అవమానం జరిగినా చూసినవాడు లేకపోతే ఈ నేరం నిలవదు. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఇంటి గేటు దగ్గర తిట్టింది బయటివాళ్లకి కనబడుతుంది కాబట్టి జనం చూసేచోటే అంది. 2020 నవంబరులో హితేశ్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య తిట్టారు కనుక, పైగా అది ఆస్తి తగాదా కనుక, ఈ చట్టం వర్తించదంది. మనలో ఎంతమంది తిట్లు నాలుగు గోడల మధ్య పడ్డవి? దొర ఇంట్లో, హెడ్మాస్టరు గదిలో, ప్రొఫెసరు గదిలో, ఆఫీసులో తలుపేసి పడ్డవి. వాళ్ల చట్టం లేని బాధితుణ్ణి ఊహించుకుని శిక్ష వేసింది. మనకి బాధితుడు ఎదురుగా నిలబడి ఏడుస్తున్నా సాక్షిని తెమ్మంటున్నారు. దుర్వినియోగం అన్న ఒక్క మాటే రెండు చోట్లా వినబడుతుంది గానీ, అక్కడ దుర్వినియోగం చేసింది పోలీసులని అభిమానులు అన్నారు, ఇక్కడ బాధితులని పోలీసులూ కోర్టులూ అన్నాయి.

తర్వాతి కథ తెలిసిందే. 2018 ఆగస్టులో పార్లమెంటు 18ఏ సెక్షన్ చేర్చింది. 2019 అక్టోబరులో సుప్రీంకోర్టు తన మార్చి ఆదేశాల్ని వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో 18ఏని సమర్థించింది. రోడ్డెక్కినందుకు చట్టం నిలిచింది. స్కాట్లండ్‌లో రద్దుకి రోడ్డెక్కాల్సి వచ్చింది. 2016 ఎన్నికల్లో అధికార పార్టీకి మెజారిటీ తగ్గాక లేబర్ సభ్యుడు జేమ్స్ కెల్లీ పెట్టిన బిల్లుతో ఆ పని జరిగింది. రద్దుతో ద్వేషపు పాటలకి లైసెన్సు రాలేదు, పాత సెక్షన్లు అట్లాగే ఉండిపోయాయి. 2024 ఏప్రిల్ నుంచి అక్కడ కొత్త ద్వేషనేరాల చట్టం అమల్లోకి వచ్చింది. అందులో జాతి, మతం, వయసు, ఇంకా కొన్ని ఉన్నాయి, కులం పేరెత్తి చెప్పలేదు. 2018 జులైలో బ్రిటిషు ప్రభుత్వం సమానత్వ చట్టంలో కులాన్ని చేరుస్తామన్న మాటనుంచి తప్పుకుంది, ఒక ట్రిబ్యునల్ తీర్పుంది, అది చాలంది. అక్కడ దళితులు ఏళ్లపాటు అడిగింది అదొక్కటే. వద్దన్నవాళ్లలో హిందూ సంఘాలున్నాయి. కులం చేరిస్తే తమ మనోభావాలు దెబ్బతింటాయని!

చట్టం పోయినా గ్యాలరీ నోరు మూసే పని ఆగలేదు, చేతులు మారింది. 2016 ఆగస్టులో ఇజ్రాయెల్ జట్టు హపోయెల్ బీర్ షెవా సెల్టిక్ మైదానానికి వచ్చినప్పుడు వందలకొద్దీ పాలస్తీనా జెండాలు లేచాయి. యూఈఎఫ్‌ఏ 8,615 పౌండ్ల జరిమానా వేసింది. అభిమానులు ఆ జరిమానాకి సరితూగే డబ్బు పాలస్తీనాకి పంపుదామని చందా పెడితే లక్షా 70 వేల పౌండ్లకు పైగా పోగయింది. బెత్లెహాం దగ్గర ఐదా శరణార్థి శిబిరం పిల్లలకి దాంతో ఫుట్‌బాల్ జట్టు ఏర్పడింది. పేరు ఐదా సెల్టిక్. పిల్లల భోజనంకోసం పుట్టిన క్లబ్బు పేరు మళ్లీ ఒక శరణార్థుల పేటకే చేరింది. 2023 అక్టోబరులో గాజా యుద్ధం మొదలయ్యాక జెండాలు మళ్లీ లేచాయి. ఈసారి గ్రీన్ బ్రిగేడ్ కుర్రాళ్ల సీజన్ టిక్కెట్లు నిలిపేసింది సర్కారు కాదు, సొంత క్లబ్బే.

మన దేశంలో గ్యాలరీ మూగదేం కాదు. 2020 జనవరి 19న కోల్‌కతా సాల్ట్‌లేక్ స్టేడియంలో ఈస్ట్ బెంగాల్ అభిమానులు, తూర్పు బెంగాలు నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్ల పిల్లలు, పౌరసత్వ చట్టానికి వ్యతిరేకంగా పెద్ద బ్యానరు ఎత్తారు. ఈ నేల కాగితాలతో కాదు, నెత్తురుతో సంపాదించుకున్నదని దాని అర్థం. 2024 ఆగస్టు 18న ఆర్.జి.కర్ ఆసుపత్రి డాక్టరు హత్య మీద జనం మండిపడుతున్న వేళ, పోలీసులు చాలరని మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ మ్యాచ్ రద్దు చేశారు. అభిమానులు మ్యాచ్ లేని స్టేడియం ముందుకే వచ్చారు. వందేళ్ల పగవాళ్లు పక్కపక్కన నిలబడి నినాదాలిచ్చారు. మ్యాచ్ కాపలాకి చాలని పోలీసులు వాళ్లను చెదరగొట్టడానికి మాత్రం సరిపోయారు, లాఠీలు ఆడాయి.

మా దగ్గర ఇంకా లేనిది మన జిల్లాల లెక్క. అంబేద్కర్ జయంతి ఊరేగింపుల్లో పాటలకి, డప్పుకి, ఫ్లెక్సీలకి, ఫోన్లో పెట్టిన రాతలకి 'మనోభావాలు', 'రెచ్చగొట్టడం' పేరుతో కట్టిన కేసులు ఎన్నో ఉన్నాయి, ఒకచోట చేరలేదు. మీ స్టేషన్ పరిధిలో అలాంటివి ఉంటే ఎఫ్‌ఐఆర్ నకలు తీసి పంపండి. ఫిర్యాదుదారు ఎవరు, ముద్దాయి ఎవరు, అప్పుడు అక్కడ నిజంగా ఎవరన్నా రెచ్చిపోయారా, ఈ మూడూ విడిగా రాయండి. అదే స్టేషన్లో అదే ఏడు 3(1)(r) కింద ఇచ్చిన ఫిర్యాదులు ఎన్ని, వాటిలో 'జనం చూసేచోట' కాదని మూసేసినవి ఎన్ని అన్నది కూడా పక్కన వేయండి.